కోదండరాం, ముద్దసాని

ముద్దసాని కోదండరాం (జననం: 1955 సెప్టెంబరు 5) రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, పౌరహక్కుల కార్యకర్త, తెలంగాణ సంయుక్త కార్యాచరణ సమితి సారథి, తెలంగాణ జన సమితి వ్యవస్థాపక అధ్యక్షుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 2009 చివర ఉద్ధృతమైన తెలంగాణ ఉద్యమంలో ఒకదానికొకటి పొసగని పార్టీలనూ సంఘాలనూ ఒక్క వేదిక మీద నిలబెట్టారు. రాష్ట్రం వచ్చాక ఆ రాష్ట్ర ప్రభుత్వానికే గట్టి విమర్శకుడయ్యారు. 2018లో సొంత పార్టీ పెట్టారు, 2024లో శాసనమండలిలో అడుగుపెట్టారు. ఓట్ల లెక్కింపులో ఆయన గెలిచిన రోజు ఇప్పటిదాకా లేదు. అయినా ఆయన పేరు ఎత్తకుండా తెలంగాణ ఏర్పాటు చరిత్ర చెప్పలేం. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఎలా నిజమయ్యాయన్నది ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆలోచించదగ్గ సంగతి.

ఆయన రాజకీయ జీవితం చాలావరకు హైదరాబాద్ నడిబొడ్డున, మొజంజాహీ మార్కెట్ నుంచి కాలినడకన చేరుకోగల ప్రాంతంలోనే సాగింది. 1935లో కట్టిన ఈ రాతి మార్కెట్‌కు ఏడో నిజాం కొడుకు మొజంజా పేరు పెట్టారు. పండ్ల దుకాణాలకూ ఐస్‌క్రీం దుకాణాలకూ పేరుపడ్డ ఈ కూడలి చుట్టూ రాష్ట్ర రాజకీయాలు ఎంత దగ్గరగా అల్లుకుని ఉన్నాయో చాలామంది గమనించరు. నాంపల్లి దారి పట్టుకుంటే కాంగ్రెస్ వారి గాంధీభవన్, బీజేపీ రాష్ట్ర కార్యాలయం వస్తాయి. మజ్లిస్ పార్టీ కేంద్రం దారుస్సలాం కూడా దూరం కాదు. ఆబిడ్స్ వైపు తిరిగితే 1949 నుంచి వెలువడుతున్న ఉర్దూ దినపత్రిక సియాసత్ కార్యాలయం ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని శాసనసభ, దానికెదురుగా గన్‌పార్కులో 1969 ఉద్యమ మృతుల స్మారకం నిలబడి ఉన్నాయి. శిల్పి ఎక్కా యాదగిరిరావు మలిచిన ఆ స్తూపం దగ్గర దండ వేయకుండా తెలంగాణలో ఏ ఉద్యమమూ మొదలవదు. తెలంగాణ జన సమితి కూడా తన కార్యాలయాన్ని నాంపల్లిలోనే పెట్టుకుంది.

ముందు నడిచినవారు

బడిపంతుళ్లు రాజకీయాల్లోకి రావడం ఈ నేలకు కొత్త కాదు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నడిపిన స్వామి రామానంద తీర్థ తొలుత మరాఠ్వాడాలోని హిప్పర్గా జాతీయ పాఠశాలలో, ఆ తర్వాత అంబాజోగాయిలో పాఠాలు చెప్పినవారే. 1938లో స్టేట్ కాంగ్రెస్‌ను నిజాం ప్రభుత్వం పుట్టకముందే నిషేధిస్తే సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లారు. 1947 ఆగస్టులో మళ్లీ అరెస్టయ్యారు. చివరిసారి జైలు నుంచి బయటికొచ్చింది 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాకే. సికింద్రాబాద్‌లో పరోపకారిణి పాఠశాల ఉపాధ్యాయిని జె. ఈశ్వరీబాయి 1951లో పురపాలక సభ్యురాలయ్యారు. ఆపైన 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచారు. అంబేడ్కర్ బాటలో నడిచిన ఆ దళిత నాయకురాలు సభలో నోరు విప్పితే మంత్రులు జాగ్రత్తపడేవారు. ఉస్మానియాలో ఇంగ్లీషు చెప్పిన కేశవరావు జాదవ్ లోహియావాది. 1969 నుంచి 2018లో కన్నుమూసేదాకా తెలంగాణ వాదాన్ని ఆయన వదల్లేదు.

వీళ్లందరిలోకీ కోదండరాంకు దగ్గరివారు కొత్తపల్లి జయశంకర్. 1934 ఆగస్టు 6న వరంగల్ జిల్లా అక్కంపేటలో పుట్టిన జయశంకర్ అర్థశాస్త్రం చదివి, బోధించి, 1991 నుంచి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. తెలంగాణకు రావలసిన నీళ్లు, నిధులు, నియామకాలు ఎటు పోయాయో అంకెలతో నిరూపించడం ఆయన జీవితకాల కృషి. ఎన్నికల్లో నిలబడలేదు, పదవి అడగలేదు. 2011 జూన్ 21న, రాష్ట్రం రాకుండానే వెళ్లిపోయారు. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఆయన జయశంకర్ సారే. సిద్ధాంతం చెప్పే పని ఆయనది కాగా, ఆ సిద్ధాంతం నమ్మినవాళ్లందర్నీ ఒక తాటి మీద నడిపించే పని కోదండరాం భుజాల మీద పడింది.

పరాయి పాలన కింద మగ్గిన చోట్లన్నిటా ఇలాంటి మనుషులు కనిపిస్తారు. టాంజానియా జాతిపిత జూలియస్ నైరేరే టబోరాలోనూ పుగూలోనూ పాఠాలు చెప్పినవారు. బడి కావాలో పార్టీ కావాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు 1955లో ఉద్యోగం వదిలేశారు. జాంబియా కెన్నెత్ కౌండా, ఘనా క్వామే ఎన్‌క్రుమా, జింబాబ్వే రాబర్ట్ ముగాబే కూడా ముందు ఉపాధ్యాయులే. అక్షరాస్యులు కొద్దిమందే ఉన్న సమాజంలో ప్రభుత్వం రాసిన కాగితాన్ని చదివి చెప్పగలవాడు, ఊళ్లో ఏ దొరకూ బాకీ పడనివాడు ఉపాధ్యాయుడే. నిజాం రాజ్యంలో అక్షరాస్యత అతి తక్కువ. పైచదువులు ఉర్దూలో ఉండేవి, పల్లెలు తెలుగు మాట్లాడేవి. అక్కడ చదువుకున్నవాడి మాటకు వచ్చిన విలువ 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా తగ్గలేదు. ఉద్యోగాల్లో అన్యాయంపై 1969లో విద్యార్థులు రగిలించిన ఉద్యమంలోనూ, స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపమన్న 1985 నాటి 610 జీవో అమలు కోసం దశాబ్దాలు సాగిన పోరులోనూ ఉపాధ్యాయ సంఘాలు ముందు వరుసలో నిలిచాయి.

జోగాపూర్ నుంచి ఉస్మానియాకు

కోదండరాం పుట్టింది నేటి మంచిర్యాల జిల్లా నెన్నెల మండలం జోగాపూర్‌లో. అప్పట్లో అది ఆదిలాబాద్ జిల్లా. ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, మరోవైపు అడవి, వాటి మధ్య చిన్న రైతుల పల్లెలు. వరంగల్‌లో డిగ్రీ చదివి, 1970ల నడుమ ఉస్మానియాలో రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేశారు. దేశమంతా ఎమర్జెన్సీ నీడలో ఉన్న రోజులవి. రాజ్యాంగం, పౌరహక్కులు, రాజ్యాధికారం అన్న పాఠాలు తరగతిలో చదువుతున్నప్పుడే వాటిని బయట పక్కన పెట్టేశారు. ఆ తరం విద్యార్థుల్లో చాలామంది ఏదో ఒక ఉద్యమం వైపు నడవడానికి ఈ అనుభవమే కారణమని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. ఆ తర్వాత ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, ఉస్మానియాకు అధ్యాపకుడిగా తిరిగొచ్చారు.

రైతుకూలీ సంఘాలు, నక్సలైట్ ఉద్యమం, పోలీసు ఎన్‌కౌంటర్లతో ఉత్తర తెలంగాణ అట్టుడికిన దశాబ్దాల్లో ఆయన పౌరహక్కుల ఉద్యమంలో పనిచేశారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి, 1985లో ఆ ఉద్యోగం వదిలేసిన కె. బాలగోపాల్ ఆ ఉద్యమానికి మేధోశక్తి. నిజనిర్ధారణ సంఘం అంటే ఏమిటో ఎరిగినవారికి కోదండరాం రాజకీయం అర్థమవుతుంది. ఒక ఊళ్లో కాల్పులు జరిగితే నలుగురైదుగురు ఆ ఊరికి వెళ్తారు. బాధితుల ఇంట్లో కూర్చుంటారు, అవతలి పక్షాన్నీ అడుగుతారు, పోలీసులనూ అడుగుతారు, చివరికి ఆధారాలతో ఒక నివేదిక రాస్తారు. గొంతు పెంచేవారికి ఆ పని చేతకాదు. ఓపిగ్గా వినాలి, విన్నది పొల్లుపోకుండా గుర్తుపెట్టుకోవాలి, తనకు నచ్చనివాడి మాట కూడా రాసుకోవాలి. వేదికపై ఆయన ఉపన్యాసం సాదాసీదాగా, కొంత నెమ్మదిగా, ఒక్కో అంశాన్నీ విడమర్చి చెప్పే పద్ధతిలో సాగుతుంది. లక్షల మంది సభలోనూ ఆ తీరు మారలేదు.

కొత్త శతాబ్దం తొలి ఏళ్లలో జయశంకర్ తదితరులతో కలిసి తెలంగాణ విద్యావంతుల వేదికలో ఆయన కీలకంగా పనిచేశారు. జిల్లాల్లోని అధ్యాపకులు, న్యాయవాదులు, ఉద్యోగులు అందులో ఉండేవారు. కృష్ణా, గోదావరి నీటి వాటాలు, ఉద్యోగాల లెక్కలు, బడ్జెట్ ఖర్చులపై ఊరూరా సదస్సులు జరిగాయి. పార్టీలు ఎన్నికల పొత్తుల్లో మునిగి ఉన్న ఆ ఏళ్లలో ఈ వేదిక చేసిన పని తర్వాతి ఉద్యమానికి పునాది వేసిందని నా అభిప్రాయం. 2009 డిసెంబరులో పిలుపు అందగానే లేచి నిలబడిన మండల స్థాయి మనుషులు ఒక్క రోజులో పుట్టినవారు కారు.

జేఏసీ

2009 నవంబరు 29న తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్‌ఎస్) అధ్యక్షుడు కె. చంద్రశేఖరరావు ప్రత్యేక రాష్ట్రం కోసం ఆమరణ దీక్షకు దిగారు. డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడుతున్నామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. కోస్తా, రాయలసీమల్లో ప్రజాప్రతినిధుల రాజీనామాలు, ఆందోళనలు చెలరేగడంతో డిసెంబరు 23న విస్తృత సంప్రదింపులు కావాలంటూ ఇంకో ప్రకటన వచ్చింది. ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కున్నారన్న కోపం తెలంగాణలో ఉప్పెనైంది. ఆ మర్నాడే పార్టీలన్నీ కలిసి సంయుక్త కార్యాచరణ సమితిని (జేఏసీ) ఏర్పాటు చేసుకున్నాయి. దానికి కోదండరాంను సారథిగా ఎంచుకున్నాయి.

ఈ ఎంపికకు కారణం తెలుసుకుంటేనే తర్వాతి కథ బోధపడుతుంది. మొదట ఆ గూటిలో టీఆర్‌ఎస్, కాంగ్రెస్, తెలుగుదేశం, బీజేపీ, న్యూడెమోక్రసీ, వాటి పక్కన ఉద్యోగ, విద్యార్థి, కుల, కళాకారుల సంఘాలు ఉన్నాయి. ఏ పార్టీ నాయకుణ్ణి ముందు పెట్టినా మిగతావాళ్లు ఒప్పుకోరు. పార్టీ లేనివాడు, రేపు టికెట్ అడగనివాడు, ఎవరి ఓటూ లాక్కోనివాడు కావాలి. విశ్వవిద్యాలయ అధ్యాపకుడికి ఆ మూడూ ఉన్నాయి. ఆయన బలమంతా ఏమీ కోరకపోవడంలో ఉంది. కాంగ్రెస్, తెలుగుదేశం కొన్నాళ్లకే పక్కకు తప్పుకున్నా టీఆర్‌ఎస్, బీజేపీ, న్యూడెమోక్రసీ చివరిదాకా ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయంటే అది చిన్న విషయం కాదు. 2012 మార్చిలో మహబూబ్‌నగర్ ఉపఎన్నికలో టీఆర్‌ఎస్, బీజేపీ ఒకదానిపై ఒకటి నిలబడి, బీజేపీ గెలిచింది. జేఏసీకి అది నిజంగా ఇరకాటమే. అయినా గూడు చెదరలేదు.

జేఏసీ అసలు శక్తి హైదరాబాద్ సమావేశాల్లో కనిపించేది కాదు. ప్రతి మండలంలో, ఊళ్లో, కార్యాలయంలో, కోర్టు ఆవరణలో దాని పేరుతోనే ఒక సమితి పుట్టింది. ఉద్యోగుల జేఏసీ, న్యాయవాదుల జేఏసీ, వైద్యుల జేఏసీ, ఉస్మానియా విద్యార్థుల జేఏసీ ఇలా ఎవరికి వారే పెట్టుకున్నారు. పై నుంచి అనుమతి తీసుకోలేదు, రుసుము కట్టలేదు. తహసీల్దార్ కార్యాలయం ఎదుట టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు వందల రోజులు నడిపారు. బతుకమ్మ ఆడారు, ధూంధాం పాటలు పాడారు. 2011 మార్చిలో ‘పల్లె పల్లె పట్టాలపైకి’ పేరుతో రైళ్లు ఆపారు. జూన్‌లో ‘వంటావార్పు’ పేరిట రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నారు. ఏ ఇంటి మనిషైనా, ఏ పని చేసేవాడైనా తనకు వచ్చిన పనితోనే ఉద్యమంలో పాల్గొనేలా ఈ కార్యక్రమాలు ఉండేవి. దీని వెనక ఎందరో ఉన్నారు, ఒక్కరి బుర్రలోంచి పుట్టలేదు. అన్నిటినీ ఒక క్రమంలో పెట్టి, ఎప్పుడు ఏది చేయాలో నిర్ణయించి, అందరికీ ఒకే మాట చెప్పడం మాత్రం కోదండరాం చేసిన పని.

2010 జూలైలో 12 శాసనసభ స్థానాలకు ఉపఎన్నికలు జరిగితే 11 చోట్ల టీఆర్‌ఎస్, నిజామాబాద్ అర్బన్‌లో బీజేపీ గెలిచాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో రాష్ట్ర విభజనపై కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ డిసెంబరు 30న నివేదిక ఇచ్చింది. ఆరు మార్గాలు చెప్పి, అన్నిటికన్నా మేలైనదిగా రాష్ట్రాన్ని కలిపి ఉంచే మార్గాన్ని ఎంచింది. జేఏసీ దాన్ని తిరస్కరించింది. 2011 ఫిబ్రవరి 17న సహాయ నిరాకరణ మొదలైంది. మార్చి 10న ట్యాంక్‌బండ్‌పై మిలియన్ మార్చ్ జరిగింది. పోలీసుల ఆంక్షలను దాటుకుని జనం పోటెత్తారు. ఆ మధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద తెలుగు కవుల, పెద్దల విగ్రహాలను కొందరు కూల్చారు. ఆ పని ఉద్యమానికి మచ్చే, దాన్ని మరోలా చెప్పే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. నిరాయుధంగా వచ్చిన వేల మంది క్రమశిక్షణ ఆ ఒక్క దృశ్యం వెనక మరుగున పడింది.

అన్నిటిలోకీ పెద్దది సకల జనుల సమ్మె. 2011 సెప్టెంబరు 13న మొదలై అక్టోబరు 24 దాకా 42 రోజులు సాగింది. ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, ఆర్టీసీ కార్మికులు, సింగరేణి గని కార్మికులు పనులు ఆపేశారు. బొగ్గు ఆగడంతో విద్యుత్తు ఉత్పత్తి దెబ్బతిని, కోతలు మొదలయ్యాయి. బస్సులు డిపోల్లో నిలిచాయి, బడులు మూతపడ్డాయి. జీతం మీద బతికే ఉద్యోగి నెలన్నర జీతం వదులుకోవడమంటే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, కిరాణా బాకీ అన్నీ ఆగినట్టే. అయినా వాళ్లు నిలిచారు. రాష్ట్రం రాకుండానే సమ్మె విరమించాల్సి వచ్చినప్పుడు జేఏసీ మీద నిందలు వచ్చాయి. చేతికి చిక్కిన ఫలితం లేదన్నది నిజమే. కానీ ఆ 42 రోజుల్లో తెలంగాణ ప్రాంతంలో ప్రభుత్వం తన పనులు తాను చేసుకోలేని స్థితిని ఢిల్లీ చూసింది. తర్వాతి నిర్ణయాల మీద ఆ అనుభవం పనిచేయలేదని అనుకోలేం.

2012 సెప్టెంబరు 30న హుస్సేన్‌సాగర్ ఒడ్డున సాగరహారం, 2013 మార్చి 21న బెంగళూరు జాతీయ రహదారిపై సడక్ బంద్, ఏప్రిల్ నెలాఖరులో ఢిల్లీలో సంసద్ యాత్ర, జూన్ 14న చలో అసెంబ్లీ. చలో అసెంబ్లీ నాడు నాంపల్లి, ఆబిడ్స్, బషీర్‌బాగ్ దారులన్నిటా ముళ్ల కంచెలు, పోలీసు పహరాలే. 2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు ఒప్పుకుంది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది.

రాష్ట్రం వచ్చాక

2014 ఎన్నికల్లో 119 స్థానాలకు 63 గెలిచి టీఆర్‌ఎస్ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. జేఏసీలో కలిసి పనిచేసిన ఉద్యోగ నాయకులు పలువురు అటు వెళ్లారు. స్వామిగౌడ్ శాసనమండలి ఛైర్మన్ అయ్యారు, శ్రీనివాస్ గౌడ్ మహబూబ్‌నగర్ నుంచి శాసనసభ్యుడై, కొన్నేళ్లకు మంత్రి కూడా అయ్యారు. కోదండరాం ఆ దారి పట్టలేదు. 2015లో ఉస్మానియా నుంచి పదవీ విరమణ చేసేదాకా పాఠాలు చెప్పుకున్నారు, జేఏసీని రద్దు చేయకుండా కొనసాగించారు. రాష్ట్రం వచ్చింది కాబట్టి ఇక ఉద్యమ సంస్థ ఎందుకని అధికారపక్షం అడిగింది. తెలంగాణ ఏ లక్ష్యాల కోసం అడిగామో అవి నెరవేరుతున్నాయో లేదో చూడాలి కదా అని జేఏసీ జవాబు.

రైతుల ఆత్మహత్యలు, కౌలు రైతులకు అందని సాయం, ఓపెన్‌కాస్ట్ గనుల కింద పోతున్న ఊళ్లు, భర్తీ కాని ఉద్యోగాలు జేఏసీకి కొత్త అంశాలయ్యాయి. పాత నిజనిర్ధారణ అలవాటు ఇక్కడ మళ్లీ ఉపయోగపడింది. మల్లన్నసాగర్ జలాశయం కోసం సిద్దిపేట ప్రాంతంలో భూములు తీసుకునేటప్పుడు 2013 నాటి భూసేకరణ చట్టాన్ని పక్కనపెట్టి 123 జీవోతో నేరుగా కొనుగోళ్లు మొదలుపెట్టారు. ఆ చట్టం ఇచ్చే పునరావాసం భూమిలేని కూలీలకు దక్కకుండా పోతుందన్నది ప్రధాన అభ్యంతరం. జేఏసీ నిర్వాసితుల పక్షాన నిలిచింది. 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో, ప్రభుత్వానికి రెండేళ్లు నిండిన సందర్భంగా ఆయన బహిరంగంగా విమర్శలు చేస్తే మంత్రులు వరసగా విరుచుకుపడ్డారు. నిన్నటిదాకా సార్ అన్న నోళ్లే అవి.

2017 ఫిబ్రవరి 22న నిరుద్యోగుల ర్యాలీకి జేఏసీ పిలుపిచ్చింది. ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. ఆ తెల్లవారుజామున పోలీసులు తార్నాకలోని ఇంటి తలుపు పగలగొట్టి ఆయన్ను అదుపులోకి తీసుకున్నారు, సాయంత్రానికి విడిచిపెట్టారు. తెలంగాణ కోసం ఉమ్మడి రాష్ట్ర పోలీసులు అరెస్టు చేసిన మనిషిని తెలంగాణ పోలీసులే అరెస్టు చేయడం చూసి, రాజకీయాలతో సంబంధం లేనివాళ్లు కూడా నొచ్చుకున్నారు. ఆ ఏడాదే ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను నగరం అంచులకు తరలించాలన్న నిర్ణయానికి వ్యతిరేకంగా అన్ని పక్షాలతో కలిసి పోరాడారు. మే 15న అక్కడ తోపులాటలు, రాళ్లు రువ్వుకోవడం జరిగాయి. 2018 నవంబరులో ధర్నాచౌక్‌ను మళ్లీ అనుమతించమని హైకోర్టు చెప్పింది. ఊరి మధ్యలో నిలబడి ప్రభుత్వాన్ని ప్రశ్నించే చోటు ఉండాలన్న ఆ పోరాటం ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటి. దానికి దక్కవలసిన గుర్తింపు దక్కలేదు.

పార్టీ, ఓట్లు

అమరవీరుల స్ఫూర్తియాత్ర పేరుతో జిల్లాలు తిరిగాక, ప్రశ్నించడం ఒక్కటే చాలదని, ఎన్నికల్లో దిగాలని జేఏసీలో ఒక వర్గం గట్టిగా అభిప్రాయపడింది. 2018 ఏప్రిల్‌లో తెలంగాణ జన సమితి పుట్టింది. ఏప్రిల్ 29న సరూర్‌నగర్ స్టేడియంలో ఆవిర్భావ సభ జరిగింది. సెప్టెంబరులోనే శాసనసభ రద్దయి, ముందస్తు ఎన్నికలు వచ్చి పడ్డాయి. అయిదు నెలల పార్టీ, చేతిలో డబ్బు లేదు, నియోజకవర్గ స్థాయి నిర్మాణం లేదు. కాంగ్రెస్, తెలుగుదేశం, సీపీఐలతో కూటమి కట్టక తప్పలేదు. జన సమితికి దక్కినవి ఎనిమిది సీట్లు, వాటిలోనూ కొన్నిచోట్ల కాంగ్రెస్ అభ్యర్థులు బరిలో ఉన్నారు. తాను పోటీ చేస్తారనుకున్న జనగామను కోదండరాం కాంగ్రెస్ నాయకుడు పొన్నాల లక్ష్మయ్య కోసం వదులుకున్నారు. డిసెంబరు 11న ఫలితాలు వచ్చాయి. టీఆర్‌ఎస్‌కు 88, కాంగ్రెస్‌కు 19. జన సమితికి ఒక్కటీ రాలేదు.

ఈ ఓటమికి డబ్బు లేకపోవడమే కారణమంటే సగమే చెప్పినట్టు. రాష్ట్రం ఇవ్వడానికి ఏళ్ల తరబడి అడ్డుపడ్డారని జేఏసీ నిందించిన పార్టీలతోనే ఇప్పుడు పొత్తు. ఆంధ్రా పార్టీ అంటూ తెలుగుదేశాన్ని వెంటబెట్టుకొచ్చారని అధికారపక్షం ఊరూరా చెప్పింది, ఓటరు ఆ మాట విన్నాడు. ఇంతకన్నా లోతైన కారణం ఒకటుంది. జేఏసీ సారథికి జనం ఇచ్చిన గౌరవం ఆయన ఎవరి పక్షమూ కాడన్న నమ్మకం మీద నిలబడింది. ఓటు అడిగిన రోజు ఆయన కూడా ఒక పక్షమే. లక్షల మందిని రోడ్డు మీదికి పిలవగలిగిన మాట, అదే జనాన్ని ఒక గుర్తు మీద వేలు నొక్కించలేకపోయింది. సమ్మెకు కావలసింది నమ్మకం. ఎన్నికకు దానితోపాటు బూత్ ఏజెంటు, కుల సమీకరణం, ఊళ్లో పనులు చేసిపెట్టే మనిషి, చేతిలో పథకాల జాబితా కావాలి. వాటిని సమకూర్చుకునే వ్యవధిగానీ బహుశా ఆ మనస్తత్వంగానీ ఆయన దగ్గర లేదు.

2019 అక్టోబరు, నవంబరుల్లో ఆర్టీసీ కార్మికులు యాభై రోజులకు పైగా సమ్మె చేసినప్పుడు వారి సభల్లో నిలబడి మాట్లాడారు. 2021 మార్చిలో వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల స్థానం నుంచి మండలికి పోటీ చేశారు. ఓటర్లంతా చదువుకున్నవాళ్లే. ఆయన పాఠాలు విన్నవాళ్లు, ఆయన పిలుపు మీద రోడ్డెక్కినవాళ్లు అందులో ఎందరో. అయినా టీఆర్‌ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్ రెడ్డి గెలిచారు, తీన్మార్ మల్లన్న రెండో స్థానంలో నిలిచారు, కోదండరాంకు దక్కింది మూడో స్థానం. 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు రేవంత్ రెడ్డి నాంపల్లిలోని జన సమితి కార్యాలయానికి వచ్చి మద్దతు అడిగారు. జన సమితి పోటీకి దూరంగా ఉండి కాంగ్రెస్‌ను బలపరిచింది. కాంగ్రెస్ 64 స్థానాలు గెలిచి అధికారంలోకి వచ్చింది.

మండలి

శాసనమండలిలో కొందరిని గవర్నర్ నామినేట్ చేస్తారు. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకారోద్యమం, సామాజిక సేవల్లో విశేష జ్ఞానమో అనుభవమో ఉన్నవారికి రాజ్యాంగం 171వ అధికరణం ఈ అవకాశం కల్పించింది. 2024 జనవరి 25న కోదండరాం, సియాసత్ పత్రిక వార్తా సంపాదకుడు అమీర్ అలీఖాన్ ఈ కోటాలో నామినేట్ అయ్యారు. అంతకుముందు బీఆర్‌ఎస్ (పూర్వపు టీఆర్‌ఎస్) మంత్రిమండలి సిఫార్సు చేసిన దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణ పేర్లను గవర్నర్ తిరస్కరించడంపై వారు అప్పటికే కోర్టుకెక్కారు. మార్చి 7న హైకోర్టు ఆ తిరస్కరణనూ కొత్త నామినేషన్లనూ రెంటినీ రద్దు చేసింది. మంత్రిమండలి మళ్లీ సిఫార్సు చేయగా, ఆగస్టు 16న ఇద్దరూ ప్రమాణం చేశారు. ప్రభుత్వంతో స్నేహంగా ఉంటూనే ఉద్యోగ నియామకాలు, కౌలు రైతులు, ఉద్యమకారుల సంక్షేమం వంటి విషయాలను సభలోనూ బయటా ఆయన ప్రస్తావించారు.

ఆయన్ను అభిమానించేవారిలోనే ఈ పదవి విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. అధికారానికి దూరంగా ఉండి అడిగేవాడే కోదండరాం అని కొందరు అంటారు. ఉద్యమానికి ఇన్నేళ్లు ఇచ్చిన మనిషి చట్టసభలో ఒక్కసారైనా కూర్చోవాలి కదా అని మరికొందరు అంటారు. ఆయన విద్యార్థులు, సహచరులు చాలామంది రెండో వైపు ఉన్నారు. సభలో ఉండి కౌలు రైతు పేరెత్తడం సభ బయట ఎత్తడం కన్నా తక్కువ పని కాదన్నది వారి వాదన, నాకూ అదే సబబనిపిస్తుంది.

ప్రమాణంతో న్యాయపోరాటం ముగియలేదు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరి, 2025 ఆగస్టు 13న అక్కడ వెలువడిన మధ్యంతర ఉత్తర్వుతో ఆ నామినేషన్లు నిలిచిపోయాయి. ఆగస్టు 30న రాష్ట్ర మంత్రిమండలి గవర్నర్ కోటాకు కోదండరాం పేరును మరోసారి సిఫార్సు చేసింది. ఈసారి ఆయన పక్కన చేర్చిన రెండో పేరు మాజీ క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్‌ది.